చేవ్రాత, చిత్రాక్షరము, అచ్చు: తెలుగు లిపి ప్రయోగములపై ఒక పరిశీలనము

తెలుగు లిపి పరిణామమును గూర్చి వ్రాసినవారు సాధారణముగా అశోకుని బ్రాహ్మితో మొదలిడి, భట్టిప్రోలు మీదుగా వేంగీ చాళుక్యుల శాసనములకు వచ్చి, తెలుగు కన్నడములు వేరుపడిన తీరును చూపి, విజయనగర కాలముతో కలము దించుదురు. అచ్చు వచ్చిన పిదప లిపికి చరిత్రయే లేదన్నట్లు వారి మౌనము తోచును. శిలపై అక్షరము మారినచో అది లిపిశాస్త్రము. కాగితముపై మారినచో అది అచ్చాఫీసు వ్యవహారము. ఈ విభజనమునకు శాస్త్రీయమైన ఆధార మేమియు కానరాదు.

ఈ యుపేక్షకు ఫలితమొకటి కలదు. పుస్తకముల అట్టలమీదను, వారపత్రికల కథాశీర్షికలయందును, సినిమా పేర్లయందును, శుభలేఖలయందును, ఇటీవల కంప్యూటరు ఫాంట్లయందును చేతితో గీచిన అక్షరరూపములు విరివిగా ప్రయోగింపబడుచు వచ్చినవి. వానిని గూర్చి మనవారు సాధారణముగా పలుకు మాట ఒక్కటే: చాల అందముగా నున్నవని. పద్యమును గూర్చి ఇంతమాత్రము చెప్పి ఊరకుండు విద్యార్థికి మనము మార్కులీయము. ఛంద మెట్లు నడచినది, యతి ఎక్కడ పడినది, అన్వయము కుదిరినదా యని అడుగుదుము. అక్షరమునకును అట్టి అన్వయము కలదు. చేతిగీత అక్షరమును అచ్చులోనికి తెచ్చు ప్రయోగములను ఏ గీటురాతిపై పరీక్షింపవలెనో నిర్ణయించుట ఈ వ్యాసము ప్రయత్నము.

మొదట మూడింటిని వేరుచేసి చూడవలెను. చేవ్రాత యనగా వేగముగా, భావము వెంట పరుగెత్తుచు, చదువబడుట కొరకు వ్రాయబడునది. చిత్రాక్షరమనగా ఒక్క సందర్భమునకై, ఒక్క మాటకై గీయబడునది. ఆ మాటలోని కకారము మరియొక మాటకు పనికిరాకపోయినను లోపము లేదు. అచ్చక్షరము ఏ మాటలోనైనను, ఏ యక్షరము ప్రక్కనైనను, ఎన్నిమారులైనను నిలువవలసినది. ఈ మూడింటిని ఒకే మాటతో “లిపి” యని పిలుచుటచే విమర్శలో గందరగోళము పుట్టుచున్నది. ఒక చిత్రకారుని దస్తూరి బాగున్నదని దానిని యథాతథముగా ఫాంటుగా మార్చుట, ఒక గాయకుని ఆలాపన బాగున్నదని దానిలోని ఒక్కొక్క స్వరమును విడదీసి హార్మోనియపు మెట్లకు కట్టుట వంటిది. మెట్లలో స్వరములుండును, స్వరమునుండి స్వరమునకు పోవు నడక యుండదు.

నా యభిప్రాయమున తెలుగు చేతియక్షరమునకు గల ముఖ్యగుణము దాని వంపు కాదు, సొంపు కాదు. తన పొరుగును ఎరిగియుండుట. దీనిని అక్షరముల నిర్మాణమునుండియే చూపవచ్చును.

తలకట్టును తీసికొందము. కన్నడమున అది అడ్డగీతకు దగ్గరగా నిలిచిపోగా, తెలుగున కొక్కెము విప్పినట్లు క్రిందికి దిగి పైకెగయు చిన్న గీతయైనది. చూచువారికి అది అలంకారము. కాని గుడి వచ్చినచో తలకట్టు తొలగును. ఏత్వము వచ్చినచో తొలగును. దీర్ఘము వచ్చినచో దానికి చోటిచ్చును. అనగా అనేకాక్షరములయందు తలకట్టు అకారమునకు చిహ్నమువలె పనిచేయుచున్నది. ఖ, జ, ట, ణ, బ, ల వంటి కొన్నిటికి మాత్రమే అది లేదు. కావున చిత్రకారుడు తలకట్టును స్వేచ్ఛగా సాగదీసినపుడు అతడు అలంకారముతో ఆడుకొనుట లేదు, అచ్చుతో ఆడుకొనుచున్నాడు. అది పైకి సాగినంతవరకు అపాయము లేదు. కుడివైపునకు సాగి, కొస క్రిందికి వాలినచో క కాస్త కా యగును. తలకట్టును ఎంత దూరము లాగవచ్చునో చెప్పునది అందము కాదు, గుణింతము.

ప, వ ల సంగతి ఇంకను సూక్ష్మమైనది. ఈ రెంటికిని గల ప్రధాన భేదము తలకట్టునకు ఒడలికి నడుమనున్న ఎడము. పకారమున తలకట్టు విడిగా తేలియుండును. వకారమున అది ఒడలితో కలిసిపోవును. ఆ ఎడము శూన్యమే యైనను అదియే అక్షరము. గోడప్రకటనలకును సినిమా పేర్లకును బొద్దుగా అక్షరములు గీచునపుడు గీత లావగుకొలది మొదట నశించునది ఈ ఎడమే. మాట మనకు ముందే తెలిసియున్నందున పొరపాటు పడక చదువుకొందుము. తెలియని ఊరి పేరు, తెలియని మనిషి ఇంటిపేరు ఆ యక్షరములలో చదువవలసి వచ్చినపుడు చిక్కు బయటపడును.

కొమ్ము విషయమున లిపియే స్వయముగా జాగ్రత్త పడినది. వకారమునకు ఇతరాక్షరములకు వలె కుడిప్రక్కన కొమ్ము తగిలించినచో అది మకారమైపోవును. అందుచేత పు, ఫు, వు లందు కొమ్ము ప్రక్కకు పోక అడుగునుండి తగులుకొనును. అట్లే మొ, యొ, ఘొ, ఝొ లందు ఒత్వము తక్కిన హల్లులకు వచ్చు రూపమున రాక, ఏత్వమునకు కొమ్ము చేరిన రూపమున వచ్చుచున్నది. ఈ నియమములను ఏ వ్యాకర్తయు శాసింపలేదు. వ్రాయసకాండ్ర చేతులు తరతరములుగా తడవి కనుగొన్న పరిష్కారము లివి. చేతికి పొరుగు తెలియు నని పైన చెప్పినదానికి ఇంతకంటె ప్రబలమైన సాక్ష్యము అక్కరలేదు.

ఇక ఒత్తులు. క, త, న, మ, య, ర, ల మొదలగువాని ఒత్తులకును మూలాక్షరములకును పోలిక తక్కువ. తక్కినవానిలో పెక్కింటికి తలకట్టు తీసివేసిన అక్షరమే ఒత్తు. ఒక్క ఒత్తుతో చిక్కు లేదు. “స్వాతంత్ర్యము” అను మాటను చేతితో వ్రాసి చూడుడు. తకారము అడుగున ఎడమనుండి బయలుదేరిన క్రావడి అక్షరమును ఒడిసి పట్టుకొనును. యవత్తు కుడివైపున నిలిచి పైకి చేయిచాచును. రెంటికిని చోటు దొరకుటకై మన చేయి తెలియకుండనే తకారమును కొంచెము చిన్నదిగా వ్రాయును, తరువాతి మువర్ణమును కొంచెము దూరముగా జరుపును. “రాష్ట్రము” నందు షకారము క్రింద టవత్తు, దానిని చుట్టివచ్చు క్రావడి. ఇక్కడ చేయి మరియొక యుక్తి చేయును: టవత్తును కుదించి క్రావడి వంపులో కూర్చుండబెట్టును. ఇట్టి సర్దుబాటు వ్రాయువానికి పట్టింపునకు కూడ రాదు. అచ్చునకు మాత్రము ఇది జీవన్మరణ సమస్య.

ఎందుచేతనన, పోతపోసిన అక్షరమునకు నలుచదరపు దిమ్మె యుండును. దిమ్మెకు పొరుగు తెలియదు. గోడ మాత్రమే తెలియును. ఒత్తు ఒక మాటకుండి పది మాటలకు లేకున్నను పంక్తికి పంక్తికి నడుమ ఒత్తుకు వలయు చోటు పంక్తి పొడవునను విడువక తప్పదు. బెంజమిన్ షుల్జ్ 1746-47 సంవత్సరములలో జర్మనీలోని హాలే పట్టణమున తెలుగు పొత్తములను అచ్చువేయించిన నాడు ఈ సమస్య మొదలైనది. శ్రీరామపురమున 1814లో కేరీ వ్యాకరణము, చెన్నపట్టణమున 1816లో క్యాంబెల్ వ్యాకరణము, 1852లో బ్రౌను నిఘంటువు వెలువడునప్పటికి తెలుగు టైపు మనకు పరిచితమైన రూపమునకు వచ్చినది. 1854లో వెలసిన వావిళ్లవారి ముద్రణాలయము మొదలుకొని తరువాతి కథ మన పాఠకులకు తెలిసినదే. ఆ కాలపు పనివాండ్ర నేర్పును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. వందలకొలది అక్షరపు ముక్కలను గళ్లపెట్టెలో గుర్తుంచుకొని కూర్చిన కంపోజిటరులు మన గ్రంథములను పరిష్కర్తలతో సమానముగా కాపాడినారు. ఐనను దిమ్మెకు దాని తర్కము కలదు. ఏ ముక్క పెట్టెలో లేదో ఆ ముక్క భాషలోనుండియే జారిపోవును.

వలపలగిలక యట్లే జారిపోయినది. హల్లునకు ముందు వచ్చు పొల్లు రేఫను, ఆ హల్లును పూర్తిగా వ్రాసి దాని కుడిప్రక్కన చిన్న గిలకగా చేర్చు పద్ధతి తాళపత్రములయందును పందొమ్మిదవ శతాబ్దపు అచ్చునందును సర్వసాధారణము. “ధర్మము” అను మాటలో రేఫ మకారమునకు కుడిప్రక్కన గిలకయై నిలుచును. మకారము పంక్తిలో తన పూర్ణరూపముతో నుండును, క్రిందికి ఒత్తై దిగవలసిన పని లేదు. ఆలోచింపగా అచ్చునకు ఇంతకంటె అనుకూలమైన పద్ధతి లేదు. ఐనను రేఫను ప్రధానాక్షరముగా వ్రాసి తరువాతి హల్లును ఒత్తుగా దించు పద్ధతియే నిలిచినది. నేడు యూనికోడునందు వలపలగిలక రావలెనన్నచో రేఫకు పొల్లునకు పిదప కంటికి కనబడని సంధాన సంకేతము నొకదానిని చేర్చవలెను. చేర్చినను ఆ రూపము గీయబడిన ఫాంట్లు మిక్కిలి తక్కువ. పాత గ్రంథములను కంప్యూటరున ఎక్కించువారు కొందరు గత్యంతరము లేక తెలుగు తొమ్మిది అంకెను దానికి మారుగా వాడుచున్నారు. నకారపొల్లునకు పట్టిన గతియు ఇట్టిదే. దానికి యూనికోడునందు స్థానము లభించినది 2021లో మాత్రమే. దంత్య చ జ లకు 2008లో లభించినది. ప్రాచీన ప్రతులను పరిష్కరించు విద్యార్థికి ఇది అక్షరాలంకార విషయము కాదు. మూలమున నున్నదానిని ఉన్నట్లు చూపగలమా లేదా యను ప్రశ్న.

ఇచట ఒక ప్రచారమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. చేతియక్షరమునకు సంప్రదాయసిద్ధ లక్షణము లావు సన్నముల కలయిక యనియు, ఏకరీతి గీత యంత్రలక్షణ మనియు తరచు వినబడుచున్నది. తాటియాకుపై గంటము చేయు పని యెట్టిదో తెలిసినవా రిట్లనరు. గంటము ఆకును చీరును; తరువాత మసి పూసి తుడిచినపుడు ఆ చీలిక నల్లబడి కనబడును. ఆ గీత మొదటినుండి తుదివరకు ఇంచుమించు ఒకే వెడల్పు గలది. లావు సన్నములు కలముతోను కాగితముతోను వచ్చినవి. పోతక్షరముల పనివాండ్రు వానిని స్థిరపరచినారు. ఈ దృష్టితో చూచినచో విండోసు కంప్యూటర్లతో వచ్చిన గౌతమి ఫాంటు, దేవనాగరి కలపులేఖనమున ప్రసిద్ధుడైన రఘునాథ జోషి చేతిమీదుగా రూపొందినది, తన సన్నని ఏకరీతి గీతతో బ్రౌను నిఘంటువు టైపుకంటె తాళపత్రమునకు చేరువలో నున్నది. చిన్న తెరపై చదువగలుగుటయే దాని యుద్దేశమై యుండవచ్చును. ఫలితము మాత్రము అది. ఆ ఫాంటును గొప్పదని నే ననను. దాని ఒత్తులు బిడియపడుచు నిలుచున్నట్లుండును. కాని సంప్రదాయ మను మాటను గీత మందముతో కొలుచుట సరికాదు.

చేతిగీత అక్షరమును తెలుగువారి నిత్యజీవితములోనికి తెచ్చినవారిలో బాపుగారిది అగ్రస్థానము. ఆయన 1933లో నరసాపురమున జన్మించి 2014లో చెన్నైయందు పరమపదించిరి. 1955లో న్యాయశాస్త్ర పట్టము పొందియు పత్రికలలో చిత్రకారులుగ స్థిరపడిరి. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగునకు రూపమిచ్చుటతో ఆయన గీత ఇంటింటికి చేరినది. 1967లో సాక్షితో మొదలైన ఆయన చలనచిత్రముల పేర్లయందును ఆ యక్షరములే కనబడును. ఆయన బొమ్మలను గూర్చి వ్రాసినవారు అనేకులు. అక్షరములను గూర్చి వ్రాసినవారు కొలదిమంది.

బాపుగారి యక్షరములకు అనుకూలించిన సాంకేతిక కారణమొకటి గలదు. ఆ దినములలో పుస్తకముల లోపలి పుటలు పోతక్షరములతో కూర్పబడినను బొమ్మలకు జింకు బ్లాకు చేయించెడివారు. పెద్ద శీర్షికలకు తగిన టైపు రకములు కొలదిగా నుండుటచే కథ పేరును గూడ చిత్రకారుడే గీచి బొమ్మతోపాటు బ్లాకుగా చేయించుట వాడుకయైనది. బ్లాకులో మాట యంతయు ఒకే ముక్క. అక్షరమునకు అక్షరమునకు నడుమ దిమ్మె గోడ లేదు. షుల్జ్ నాటినుండి తెలుగు అచ్చును బంధించిన నలుచదరము ఆ రెండంగుళముల చోట విడిపోయినది. బాపుగారు ఆ విడుదలను పూర్తిగా వినియోగించుకొన్నారు. అంతకుముందు శీర్షికలు గీచినవారు పెక్కురు పోతక్షరమునే పెద్దది చేసి, నీడ తగిలించి, అంచులు దిద్ది తృప్తిపడిరి. గోడ లేని చోటను గోడ యున్నట్లే గీచిరి.

ఆయన యక్షరములందు మొదట కంటికి దొరకునది వేగము. వలయములు దిద్దినట్లుండవు, ఒక్క ఊపున తిరిగినట్లుండును. తలకట్టు ఎగిరిపడును. పంక్తికి అడుగున గీటు గీచి చూచినచో అక్షరములన్నియు దానిపై నిలువవు. కొన్ని లేచును, కొన్ని దిగును. ఇంతవరకు చూచి ఆగినవారు దీనిని దస్తూరి అందురు. కాని ఈ ఎగుడుదిగుడునకు క్రమము కలదు. ఒత్తున్న అక్షరము పైకి జరుగును, ఒత్తునకు చోటు దొరకుటకై. ఒత్తు లేని పొరుగక్షరము దిగి ఆ ప్రక్క ఖాళీని పూరించును. ఒక మాటలోని గుడి మరియొక యక్షరపు తలకట్టునకు దారి విడుచును. అనగా పైన “స్వాతంత్ర్యము” వ్రాయునపుడు మన చేయి తెలియకుండ చేసిన సర్దుబాటునే ఆయన తెలిసి, పెద్దది చేసి, కంటికి కనబడునట్లు చేసిరి. తెలుగు చిత్రాక్షరమున ఇది నిజమైన ప్రయోగము. లిపికి స్వతస్సిద్ధమైన గుణమొకటి అచ్చుచే మరుగుపడియుండగా దానిని వెలికి తీసినది కావున దీనిని అలంకారమని త్రోసివేయరాదు.

లోపములు లేవనుట స్తోత్రమగును. చిన్నయక్షరములలో ఈ పద్ధతి నిలువదు. నాలుగైదు పంక్తులు దాటినచో కన్ను అలయును. ప్రతి మాటయు శీర్షికవలె తన్ను చూడుమని పిలుచుచుండును. శుభలేఖయంతయు ఈ యక్షరములతో నింపినపుడు ముహూర్తము వెదకుటకు రెండుమారులు చదువవలసివచ్చుట అనేకులకు అనుభవమే. ఐనను ఇది గీచినవారి దోషము కాదు. శీర్షికకై పుట్టినదానిని పాఠమునకు వాడినవారి దోషము.

బాపుగారి దస్తూరి కంప్యూటరు ఫాంటుగా వెలువడిన పిదప శుభలేఖలు, కరపత్రములు, దుకాణపు పలకలు, పుస్తకపుటట్టలు ఆ యక్షరములతో నిండిపోయినవి. వ్యాప్తియందు ఇది ఘనవిజయము. అక్షర విమర్శదృష్టితో చూచినపుడు ఫలము వేరు. “అక్కయ్య చక్కని ముక్కు” అను మూడు మాటలను ఆ ఫాంటుతో కూర్చినచో మూడు చోట్లను కకారపు ఒత్తు ఒక్కటే, ఒకే వంపు, ఒకే ఎగురు. చేతితో గీచియుండినచో మూడును మూడు విధములుగ నుండెడివి. యకారద్విత్వము ప్రక్క ఒకటి, గుడిగల నకారమునకు ముందొకటి, మాట తుదినొకటి. ఎగుడుదిగుడు ఇంకను ఉన్నది, కాని దానికి కారణము పోయినది. ఒత్తు కొరకు లేచిన యక్షరము ఒత్తు లేకున్నను లేచియే యుండును. పొరుగునకు దారి విడిచిన తలకట్టు ఇప్పుడు ఎవ్వరును లేని చోట దారి విడుచుచు నిలిచియుండును. సంభాషణలో ఒకరి మాటలు మాత్రము వినుచున్నట్లుండును. దిమ్మె గోడను కూల్చిన యక్షరములే మరల దిమ్మెలోనికి పోయినవని చెప్పక తప్పదు.

మరియొక యిబ్బంది పరిశోధకులకు నేరుగా తగులును. యూనికోడు వ్యాప్తికి ముందు తెలుగు కూర్పునకు వాడబడిన ఫాంట్లలో పెక్కు అక్షరమును అక్షరముగ గాక ముక్కలుగ, ఇంగ్లీషు మీటల స్థానములలో దాచుకొన్నవి. అను ఫాంట్లతో కూర్చిన వేలకొలది పుటలు నేటికిని కలవు. వానిలో ఒక పదమును వెదకుట రూపాంతరము చేసినగాని సాధ్యము కాదు. 1991లో వెలువడిన తొలి యూనికోడునందే తెలుగునకు స్థానమున్నను దాని ఫలము అచ్చుపనికి అందుటకు చాలకాలము పట్టినది. అందమైన చిత్రాక్షరపు ఫాంటుతో అచ్చైన గ్రంథము, వెదకుటకు వీలులేని గ్రంథమైనచో, సూచికలు తయారుచేయువానికి అది తాళపత్రముకంటె ఎక్కువ ఉపకారి కాదు.

ఈ పరిస్థితి అనివార్యము కాదు. 1996లో ప్రకటింపబడిన ఓపెన్‌టైపు పద్ధతి ఒకే యక్షరమునకు అనేక రూపములను గీచి, ఏ పొరుగు ఉన్నపుడు ఏ రూపము రావలెనో ఫాంటులోనే విధించుటకు వీలు కల్పించినది. మనకు క్రొత్తగా కనబడునది లేఖకులకు ప్రాతదే: వు, పు ల కొమ్మును అడుగున పెట్టిన తీర్పును యంత్రమునకు నేర్పుట. రోమను లిపిలో హెర్మన్ జాఫ్ తన కలపువ్రాతనుండి రూపొందించిన జాఫినో, 1998లో వెలువడినది, ఒక్కొక్క యక్షరమునకు పెక్కు రూపములతో ఈ మార్గమును చూపినది. దానిని అనుకరింపుమనుట కాదు. రోమను లిపియందు ఇరువదియారక్షరములు వరుసగా నడచును; పొరుగు ప్రక్కననే యుండును. మనకు పొరుగు ప్రక్కనను, క్రిందను, మీదను ఉండును. ముప్పదియైదు హల్లులకు ముప్పదియైదు ఒత్తులు కూర్చినచో 1225 జంటలు. వానికి పదమూడు గుణింతరూపములు చేర్చినచో 15,925. రెండు ఒత్తుల సంయుక్తములు ఇందు చేరలేదు.

ఇన్నింటిని ఎవ్వరును చేతితో గీయజాలరు, గీయ నక్కరయు లేదు. వీనిలో భాషలో నిజముగా వచ్చునవి కొన్నియే. ఏవి తరచు వచ్చును, ఏవి మాట మొదట వచ్చును, ఏవి తుదిని వచ్చును, తత్సమములలో ఎన్ని, దేశ్యములలో ఎన్ని యను లెక్క లేనిదే చిత్రకారుడు ఏ జంటకు ప్రత్యేక రూపము గీయవలెనో నిర్ణయింపలేడు. ఆ లెక్క కట్టవలసినది చిత్రకారుడు కాదు, తెలుగు శాఖలు. పదసూచికలు తయారుచేయుట మన పనియే. సంయుక్తాక్షర సూచిక తయారుచేయుట మన పని కాదని యెవరనగలరు? దేశ్యపదములలో ద్విత్వము, తత్సమములలో భిన్నహల్లుల సంయోగము అధికమని మనకు వ్యాకరణము నేర్పినది. కావున కావ్యముల కొరకు గీచిన ఫాంటును, కథల కొరకు గీచిన ఫాంటును పరీక్షించు మాటలపట్టిక ఒక్కటి కారాదు.

ఇటీవల యూనికోడు ఫాంట్లలో చేతిగీత నాధారముగ చేసికొన్నవి కొన్ని వచ్చినవి. సిలికానాంధ్రవారి కృషితో వెలువడి ఉచితముగ లభించుచున్న వానిలో లక్కిరెడ్డి యొకటి. దానితో కూర్చిన పాఠమును వెదకవచ్చును, పంపవచ్చును, మరియొక ఫాంటులోనికి మార్చవచ్చును. ఈ లాభము చిన్నది కాదు, ముందు చెప్పిన యిబ్బందులలో సగమును తీర్చినది. రూపవిషయమున మాత్రము ఇవి ఇంకను ఒకే యక్షరమునకు ఒకే రూప మను కట్టుబాటును వదలలేదు. పెద్ద పరిమాణమున కూర్చిన శీర్షికలో ఒకే యక్షరము రెండుమారులు వచ్చినచో యంత్రము తెలిసిపోవుచున్నది. చేతివ్రాత ఫాంటునందు పునరుక్తి పోతక్షరమునందలి పునరుక్తికంటె ఎక్కువ నొచ్చును. పోతక్షరము తాను చేయినని చెప్పుకొనలేదు గదా.

ఇట్టి ప్రయోగములను తరగతిలో పరీక్షింపదలచిన అధ్యాపకులకు పెద్ద సామగ్రి అక్కరలేదు. ప, వ లు ఒకదాని ప్రక్క నొకటి వచ్చు మాటలు కొన్ని. వు, మ లు కలసివచ్చునవి కొన్ని. మొ, యొ లతో కొన్ని. రాష్ట్రము, స్వాతంత్ర్యము, లక్ష్మి, ధర్మము, అన్నయ్య, పువ్వు. వీనిని విద్యార్థులచే మొదట సామాన్యముగా చేతితో వ్రాయించి, పిదప పరీక్షింపదలచిన ఫాంటుతో కూర్చి, రెంటిని ప్రక్కప్రక్కన పెట్టవలెను. పకారపు ఎడము నిలిచినదా, క్రావడికిని యవత్తునకును ఘర్షణ కలిగినదా, ద్విత్వములో ఒత్తు మూలాక్షరమును ఆనుకొన్నదా, వ్రేలాడుచున్నదా, “పువ్వు”లోని రెండు కొమ్ములును తమ చోటు తాము చూచికొన్నవా యని పరిశీలింపవలెను. “ధర్మము” వద్ద మాత్రము ఒక్క క్షణ మాగి, విద్యార్థులకు పందొమ్మిదవ శతాబ్దపు అచ్చుపుట నొకదానిని చూపి, అదే మాటను వలపలగిలకతో వ్రాయుమనవలెను. పెక్కుమందికి ఆ గిలక ఎక్కడ మొదలిడవలెనో తెలియదు. రెండవమారు వ్రాయునపుడు చేయి దానంతట అదే మకారమును కొంచెము ఎడమకు జరిపి దానికి చోటిచ్చును.